క్రిమినాలజీ చదవాలనుంది, ఉన్నదున్నట్టు చెప్పండి

కొత్తకలం · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. స్కూలు చదువు అయిపోయింది, డిగ్రీకి అప్లికేషన్లు పెట్టే టైమ్. నాకు క్రిమినాలజీ చదవాలనుంది. పేపర్ చేతికొస్తే ముందు నేరవార్తలే చదువుతాను. ఎవరు చేశారన్నది కాదు, ఆ మనిషి అక్కడిదాకా ఎలా వచ్చాడా అని ఆలోచిస్తూ కూర్చుంటాను.

ఇంట్లో నాన్న ససేమిరా అంటున్నారు. "పోలీసు కావాలంటే పోలీసు పరీక్ష రాయి, లాయరు కావాలంటే లా చదువు. అటూ ఇటూ కాని ఈ చదువెందుకు?" అని. నా దగ్గర జవాబు లేదు.

అసలు ఇందులో ఏం చెప్తారు? లెక్కలు ఉంటాయా (నాకు భయం)? చదివాక ఏం పని దొరుకుతుంది? చదివినవాళ్లు దయచేసి చెప్పండి.

ల్యాబ్‌కోటు · రాత్రి 9:58

ముందు ఒక సంగతి తేల్చుకో తమ్ముడూ. వేలిముద్రలు, రక్తపు మరకలు, డీఎన్ఏ, తూటా ఏ తుపాకీలోంచి వచ్చిందో చూడటం, ఇదంతా ఫోరెన్సిక్ సైన్స్. నేను చేసేది ఆ పనే. దానికి కెమిస్ట్రీ, బయాలజీ పునాది ఉండాలి. క్రిమినాలజీ అంటే నేరం ఎందుకు జరుగుతుంది, సమాజం దాన్ని ఎలా చూస్తుంది అని చదివే సోషల్ సైన్స్, అక్కడ మైక్రోస్కోపు ఉండదు. పేరు చూసి మోసపోయి ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు చేరడం చాలాసార్లు చూశాను. సిలబస్‌లో ల్యాబ్ గంటలు ఎన్నో చూడు, తేలిపోతుంది.

కొత్తకలం · రాత్రి 10:03

తమ్ముడు కాదన్నా, చెల్లెల్ని. ల్యాబ్ వద్దు. రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి.

మధ్యలోమానేశా · రాత్రి 10:31

నేను ఒక ఏడాది చదివి సైకాలజీకి మారిపోయాను. కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకుని విను.

సీరియల్ హంతకుల గురించి చెప్తారనుకుని వెళ్లాను. బ్రోషర్ మీద పసుపు టేపు, నేల మీద సుద్దముక్కతో గీసిన మనిషి బొమ్మ. లోపలికి వెళ్తే మొదటి ఆరు వారాలు "నేరం అంటే ఏమిటి?" అన్న ఒక్క ప్రశ్నే. మూడొందల మంది హాలు, మైకు గరగర, స్లైడ్ మీద ఉన్నదే సార్ చదివేవారు. నాకు ఓపిక పోయింది.

విచిత్రం ఏంటంటే ఆ ఏడాదిలో ఒక్క పాఠం మాత్రం ఇప్పటికీ వదలదు. దుర్కైమ్ అని ఫ్రెంచి సోషియాలజిస్టు. అందరూ సాధువులే ఉన్న ఊరిని ఊహించుకోండి, అక్కడ హత్యలూ దొంగతనాలూ ఉండవు, కానీ మనం పట్టించుకోని చిన్న తప్పే అక్కడ పెద్ద నేరమై కూర్చుంటుంది అంటాడు. నేరం లేని సమాజం ఉండదని ఆయన వాదన. ఆరోజు నిద్ర ఆపుకుంటూ విన్నాను. ఇప్పుడు ఆఫీసులో మీటింగుకు రెండు నిమిషాలు లేటయినవాణ్ణి అందరూ దొంగలా చూస్తుంటే ఆయనే గుర్తొస్తాడు.

ప్రొఫైలర్ (నేరం జరిగిన తీరు చూసి నేరస్థుడు ఎలాంటివాడో అంచనా వేసేవాడు) అవుదామని మాత్రం వెళ్లకు చెల్లీ. ఆ ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఫోరెన్సిక్ సైకాలజిస్టు కావాలంటే సైకాలజీ డిగ్రీ, ఆపైన వేరే శిక్షణ.

నడిరేయి · రాత్రి 11:47

మూడో ఏడాది చదువుతున్నా. డిసర్టేషన్ రాయాల్సిన టైమ్‌లో ఇది రాస్తున్నా, మా గైడ్ చూడకపోతే చాలు.

మొదటి ఏడాది సిద్ధాంతాలు. 1764లో బెకారియా అనే ఇటలీ రచయిత దగ్గర మొదలుపెడతారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు దాటాయంతే, భయపడి పుస్తకం మీద పేరు కూడా వేసుకోలేదు. శిక్ష ఎంత కఠినమన్నది కాదు, తప్పక పడుతుందా లేదా అన్నదే మనిషిని ఆపుతుందని రాశాడు. తర్వాత లాంబ్రోజో. ఈయన డాక్టరు. విల్లెల్లా అనే దొంగ పుర్రె కోసి చూస్తే వెనకవైపు లోపల మామూలుగా ఉండని ఒక గుంట కనిపించింది. అంతే, నేరస్థులు పుట్టుకతోనే వేరే రకం మనుషులని 1876లో పుస్తకం వేసేశాడు. దవడ, చెవులు, నుదురు అన్నీ కొలిచాడు. 1913లో గోరింగ్ అనే జైలు డాక్టరు ఇంగ్లండులో మూడు వేలకు పైగా ఖైదీలను మామూలు మనుషులతో పోల్చి, అలాంటి ప్రత్యేక రకమేదీ లేదని తేల్చాడు. మాకు క్లాసులో ఖైదీల ఫొటోలు, ప్రొఫెసర్ల ఫొటోలు కలిపి ఇచ్చి వేరు చేయమన్నారు. నేను ఇద్దరు ప్రొఫెసర్లను జైల్లో వేశాను.

లేబులింగ్ (మనిషి మీద ముద్ర వేయడం) సిద్ధాంతం మనకు సులువుగా ఎక్కుతుంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మనవాళ్లు ఎప్పుడో అన్నారు కదా. ఈ సిద్ధాంతం ఇంకో అడుగు వేస్తుంది: అలా అనగా అనగా చివరికి అతను కల్లే తాగడం మొదలుపెడతాడు. హోవార్డ్ బెకర్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1963లో దీని మీద రాశాడు.

నాకు మతిపోయింది మాత్రం టీవీల బరువు దగ్గర. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికాలో సంపద పెరిగింది, దాంతోపాటు దొంగతనాలూ పెరిగాయి. పేదరికం వల్లే నేరం అనుకుంటే ఇది తలకిందులు కదా? 1979లో కోహెన్, ఫెల్సన్ అని ఇద్దరు ఒక సరుకుల క్యాటలాగు ముందేసుకున్నారు. 1960లో అందులో అన్నిటికన్నా తేలికైన టీవీ 38 పౌన్లు. 1970కి 15 పౌన్లు. చంకలో పెట్టుకుని పోవచ్చు! పైగా ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లడంతో పగలు ఇళ్లు ఖాళీ. దొంగ మారలేదు, ఇల్లు మారింది. నేరం జరగాలంటే చేయాలనుకునేవాడు, తీసుకుపోగల వస్తువు, కాపలా లేకపోవడం, ఈ మూడూ ఒకేచోట కలవాలన్నారు.

ఈ చదువుకు నేను పడిపోయింది ఆ క్యాటలాగు దగ్గరే.

ఖాకీ_మాజీ · మంగళవారం, ఉదయం 6:12

అమ్మాయీ, ముప్పై ఏళ్లు పోలీసు శాఖలో చేసి రిటైరయ్యాను. పెద్దవాణ్ణి కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా. మీ నాన్నగారు అన్నదాంట్లో తప్పులేదు. మా దగ్గరికి ఈ డిగ్రీవాళ్లు వచ్చేవారు, ఫారాలు పట్టుకుని. టీవీ బరువు తెలుసు గానీ పంచనామా రాయడం రాదు. దొంగను చూస్తే దొంగని తెలియడం పుస్తకంలో రాదు. రాత్రిపూట జీపు రోడ్డు మీద తిరుగుతుంటే నేరం తగ్గుతుంది, దీనికి సిద్ధాంతం అక్కర్లేదు.

పాఠాలమ్మ · మంగళవారం, ఉదయం 8:20

నమస్కారం సార్. నేను ఈ సబ్జెక్టే చెప్తాను. మీ చివరి వాక్యాన్నే పట్టుకుంటాను, ఏమీ అనుకోకండి.

1972, 73ల్లో అమెరికాలోని కాన్సస్ సిటీ పోలీసులే ఆ మాటను పరీక్షకు పెట్టారు. 15 బీట్లు (గస్తీ ప్రాంతాలు) తీసుకున్నారు. అయిదింట్లో మామూలు గస్తీ. అయిదింట్లో గస్తీ రెండు మూడు రెట్లు. మిగతా అయిదింట్లో గస్తీ పూర్తిగా మానేసి, ఫోన్ వస్తేనే జీపు వెళ్లేది. ఏడాది చూశారు. నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జనం భయంలోనూ రాలేదు. గస్తీ పెరిగిందో తగ్గిందో అక్కడివాళ్లలో చాలామంది గమనించనే లేదు.

ఖాకీ_మాజీ · మంగళవారం, ఉదయం 8:41

మేడమ్, ఊరికే జీపు తిప్పితే దొంగ భయపడతాడని నేననలేదు. ఎక్కడ తిప్పాలో తెలియాలి. మా స్టేషన్ పరిధి మొత్తంలో గొడవలన్నీ నాలుగు సందుల్లోనే. మిగతా ఊరు పడుకునేది.

లెక్కలరాయుడు · మంగళవారం, ఉదయం 9:15

సార్, మీరు ఇప్పుడు చెప్పింది పాఠం. మినియాపోలిస్ నగరంలో పోలీసులకు వచ్చిన ఫోన్ కాల్స్ అన్నిటినీ చిరునామాలవారీగా పేర్చి 1989లో లెక్క ప్రచురించారు. ఊళ్లోని చిరునామాల్లో సుమారు 3 శాతం నుంచే సగం కాల్స్. గస్తీని ఆ చోట్లకే మళ్లించి చూసిన తర్వాతి ప్రయోగాల్లో నేరం తగ్గింది. 'హాట్ స్పాట్' అని పేరు పెట్టారు.

ఖాకీ_మాజీ · మంగళవారం, ఉదయం 9:22

మేం పేరు పెట్టలేదు. "ఆ బారు సందు" అనేవాళ్లం.

కొత్తకలం · మంగళవారం, సాయంత్రం 5:50

పొద్దున్నుంచి ఇదే చదువుతున్నా! కానీ ఒకటి, అందరూ లెక్కలే చెప్తున్నారు. నాకు టెన్షన్ మొదలైంది.

లెక్కలరాయుడు · మంగళవారం, సాయంత్రం 7:05

చెల్లెమ్మా, లెక్కలు ఉంటాయి. స్టాటిస్టిక్స్ లేని క్రిమినాలజీ కోర్సు ఉంటే అందులో చేరొద్దు. కానీ సూత్రాలు బట్టీ పట్టే లెక్కలు కాదివి. కంప్యూటర్ చేసి పెడుతుంది. ఏ ప్రశ్న అడగాలి, వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలి అన్నది మన పని.

1945లో పుట్టి ఫిలడెల్ఫియాలో పెరిగిన 9,945 మంది మగపిల్లల పోలీసు రికార్డులను వుల్ఫ్‌గాంగ్ బృందం 1972లో ప్రచురించింది. అయిదు, అంతకన్నా ఎక్కువసార్లు పట్టుబడ్డవాళ్లు 627 మంది. అంటే ఆరు శాతం. మొత్తం నేరాల్లో సగానికి పైగా వాళ్లవే. ఇందులో ఉన్నది కూడికలు, శాతాలు. అంతే. కష్టమంతా ఆ తర్వాత వచ్చే ప్రశ్నలో ఉంది: ఆ ఆరు శాతం ఎవరో ముందే చెప్పగలమా? చెప్పగలమని ఆశపడి చాలామంది చేతులు కాల్చుకున్నారు. మరో ప్రశ్న ఇంకా ఇబ్బందిది. వాళ్లు ఎక్కువ నేరాలు చేశారా, లేక పోలీసులు వాళ్ల వీధిలోనే ఎక్కువ తిరిగారా?

ఉద్యోగం సంగతి. నేను ఈ డిగ్రీతోనే మొదట పోలీసులకు క్రైమ్ అనలిస్టుగా పనిచేశాను, ఇప్పుడు బ్యాంకులో మోసాలు పట్టే టీమ్‌లో ఉన్నాను. నా బ్యాచ్‌వాళ్లు ప్రొబేషన్ శాఖలో ఆఫీసర్లుగా ఉన్నారు, జైళ్ల శాఖలో ఉన్నారు, బాధితులకు సాయం చేసే సంస్థల్లో ఉన్నారు, ఒకడు పీహెచ్‌డీ అని కనపడకుండా పోయాడు. ఈ డిగ్రీ చూపిస్తే తలుపు తానంతట తెరుచుకునే ఉద్యోగం ఏదీ లేదు. ఇది దాచి చెప్పేవాళ్ల మాట నమ్మకు. డేటా పని చేతికి వస్తే మాత్రం ఖాళీగా ఉండవు.

మధ్యలోమానేశా · మంగళవారం, రాత్రి 8:10

"చేతులు కాల్చుకున్నారు" అన్నది నిజం. ఇంకొకటి, ఈ కోర్సులో ఎంతసేపూ వీధిలో దొరికేవాళ్ల గురించేనా అనిపించేది నాకు. కోట్లు మింగినవాళ్ల మాటే రాదు.

పాఠాలమ్మ · మంగళవారం, రాత్రి 9:02

రెండో ఏడాదిలో వస్తుంది బాబూ, మీరు ముందే వెళ్లిపోయారు!

కంచే చేను మేసే నేరాలకు 'వైట్ కాలర్ క్రైమ్' అని పేరు పెట్టింది సదర్లాండ్ అనే అమెరికన్ సోషియాలజిస్టు, 1939లో, ఒక అధ్యక్షోపన్యాసంలో. పదేళ్ల తర్వాత 70 పెద్ద కంపెనీల మీద పుస్తకం రాశాడు. కోర్టులో గానీ ప్రభుత్వ సంస్థల ముందు గానీ ఒక్కసారైనా తప్పు తేలని కంపెనీ వాటిలో ఒక్కటీ లేదు. అచ్చు వేసేవాళ్లు భయపడి కంపెనీల పేర్లన్నీ తీసేయించారు. పేర్లతో సహా పూర్తి పుస్తకం 1983లో గానీ రాలేదు. అప్పటికి ఆయన పోయి ముప్పై ఏళ్లు దాటింది.

కొత్తకలం, మీకు ఒక విషయం చెప్పాలి. చాలామంది నా క్లాసుకు మంచి చేద్దామని వస్తారు. మీరూ అలాగే అనిపిస్తున్నారు. 1930ల్లో డాక్టర్ క్యాబట్ అనే ఆయన కూడా అలాగే మొదలుపెట్టారు. మసాచుసెట్స్‌లో 506 మంది మగపిల్లలు. వయసు, కుటుంబం, స్వభావం చూసి ఇద్దరిద్దర్ని జతలు కట్టారు. ప్రతి జతలో ఎవరికి సాయం అందాలో నాణెం ఎగరేసి తేల్చారు. సాయం అందినవాళ్ల ఇంటికి కౌన్సెలర్ నెలకు రెండుసార్లు వెళ్లేవాడు. చదువు చెప్పించారు, వైద్యం చేయించారు, వేసవి క్యాంపులకు పంపారు. సగటున అయిదేళ్లపైన.

ముప్పై ఏళ్లు గడిచాక జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లను వెతికిపట్టుకున్నారు. సాయం అందుకున్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది, ఆ కార్యక్రమం వల్ల మాకు మేలు జరిగిందనే చెప్పారు. రికార్డులు చూస్తే లెక్క అడ్డం తిరిగింది. మళ్లీ మళ్లీ నేరాలు చేయడం, తాగుడు, మానసిక జబ్బు, త్వరగా చనిపోవడం, వీటిలో సాయం అందనివాళ్ల కన్నా వీళ్లే అధ్వాన్నంగా తేలారు.

ఈ పాఠం చెప్పిన రోజు క్లాసు అయ్యాక ఎవరో ఒకరు నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడతారు. ఏమీ అడగరు, బ్యాగు పట్టుకుని అలా నిలబడతారు. ఏటా జరిగేదే.

ఖాకీ_మాజీ · మంగళవారం, రాత్రి 9:30

అంటే పిల్లలకు సాయం చేయొద్దంటారా మేడమ్? ఇదేం న్యాయం?

పాఠాలమ్మ · మంగళవారం, రాత్రి 9:44

చేయొద్దని కాదు సార్. నాణెం ఎగరేసి ఉండకపోతే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు, పిల్లలు మేలన్నారు కదా అని సంతోషంగా ఇంకో ముప్పై ఏళ్లు చేసేవాళ్లం. తర్వాత తరచి చూస్తే నష్టం ఎక్కువగా కనిపించింది వేసవి క్యాంపులకు ఒకటికి రెండుసార్లు వెళ్లిన పిల్లల్లో. అల్లరి పిల్లలందర్నీ ఒకచోట చేర్చితే ఒకరి దగ్గర ఒకరు ఏం నేర్చుకుంటారో మీకు నేను చెప్పాలా?

ఖాకీ_మాజీ · మంగళవారం, రాత్రి 9:51

జైల్లో జరిగేదే. చిన్న దొంగ లోపలికెళ్లి పెద్ద దొంగై వస్తాడు. సరే, దీనికి ఒప్పుకుంటా.

నడిరేయి · బుధవారం, రాత్రి 12:35

జైలు మాట వచ్చింది కాబట్టి. రెండో ఏడాదిలో మమ్మల్ని ఒక జైలుకు తీసుకెళ్లారు. ఇంటర్వ్యూకు ముందు ఎథిక్స్ కమిటీ అనుమతికే నాలుగు నెలలు పట్టింది. ఎదుటి మనిషి ఇష్టంతోనే మాట్లాడుతున్నాడని ఎలా చెప్తావు, లోపల ఉన్నవాడు వద్దనగలడా అని మళ్లీ మళ్లీ అడిగారు. మొదట చిరాకేసింది.

గేటు రెండు తలుపులు. వెనకది మూసుకుంటే గానీ ముందుది తెరవరు. ఆ మధ్యలో పది సెకన్లు నిలబడాలి. ఫోన్ బయటే వదిలేశాను కదా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

నా ముందు కూర్చున్నాయన యాభై దాటినవాడు. నేను అడగబోతుంటే ఫారం ఇటివ్వమని తీసుకుని చివరిదాకా చదివాడు. "పదకొండోది ముందు అడుగు బాబూ. అది చెప్పేస్తే తొమ్మిదోది అక్కర్లేదు. పోయినసారి వచ్చిన పిల్లకూ ఇదే చెప్పా" అన్నాడు. ఆయన దగ్గరికి ఇప్పటిదాకా ఎంతమంది ఫారాలతో వచ్చారో! తిరిగొచ్చి ప్రశ్నల వరుస మార్చాను. థాంక్స్ చెప్పడానికి ఆయన పేరు రాయకూడదు, అదీ రూలే.

కొత్తకలం · బుధవారం, ఉదయం 11:15

అన్నా, అది రెండుసార్లు చదివాను.

పాఠాలమ్మ గారూ, చేరేలోపు నేను చేయగలిగింది ఏదైనా ఉందా? పుస్తకాలు కాకుండా.

పాఠాలమ్మ · బుధవారం, మధ్యాహ్నం 1:30

ఉంది. పోలీసు రికార్డులోకి ఎక్కని నేరాలను మేం 'డార్క్ ఫిగర్' అంటాం, చీకట్లో ఉండిపోయిన లెక్క. దాన్ని పట్టుకోవడానికే అమెరికాలో 1970ల మొదట్లో, బ్రిటన్‌లో 1982లో ఇంటింటికీ వెళ్లి అడిగే సర్వేలు మొదలయ్యాయి. మీరు చిన్నగా చేయండి. తెలిసినవాళ్లలో పదిమందిని విడివిడిగా అడగండి. గత ఏడాదిలో మీ వస్తువు పోయిందా, ఎవరైనా మోసం చేశారా, కొట్టారా? అయితే ఫిర్యాదు ఇచ్చారా? ఇవ్వకపోతే ఎందుకివ్వలేదు? చెప్పనంటే వదిలేయండి, గుచ్చి అడగొద్దు. పేర్లు రాయొద్దు.

మోడరేటర్ · బుధవారం, మధ్యాహ్నం 1:52

చిన్న మనవి. ఫలితాలు ఇక్కడ పెట్టేటప్పుడు ఎవరో గుర్తుపట్టేలా రాయకండి.

కొత్తకలం · ఆదివారం, రాత్రి 10:20

చేశాను. పదిమందిని అడిగితే ఆరుగురికి ఏదో ఒకటి జరిగింది. ఫిర్యాదు ఇచ్చింది ఒక్కరు, అదీ ఇన్సూరెన్స్ కోసం. కారణాలు: "పాత సైకిలే కదా", "ఎవరు తిరుగుతారు", "తెలిసినవాడే". ఒకామె నవ్వి మాట మార్చేశారు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

పదో మనిషి దొరక్క నాన్నను అడిగాను. ఆయన ఈ కోర్సుకు ఒప్పుకోలేదు కాబట్టి చివరికి ఉంచుకున్నా. టీవీ చూస్తూ "ఏం పోలేదు" అన్నారు. సరే అని ఫోన్‌లో రాసుకుంటుంటే టీవీ సౌండ్ తగ్గించారు. ఎనిమిది నెలల కిందట బ్యాంకు నుంచి అని ఎవరో ఫోన్ చేశారట. ఓటీపీ చెప్పేశారట. పెద్ద మొత్తమే. అమ్మకు కూడా తెలీదు. ఎందుకు చెప్పలేదంటే, "నాలాంటివాడు మోసపోయాడంటే నవ్వరా?" అన్నారు.

తర్వాత "రాసుకో. పేరు రాయకు" అన్నారు.

లెక్కలరాయుడు · ఆదివారం, రాత్రి 10:41

మా టీమ్‌కు రోజూ వచ్చే ఫోన్లలో చాలావరకు ఇవే. బాగా చదువుకున్నవాళ్లూ పడతారు, చివరికి బ్యాంకు ఉద్యోగులు కూడా. ఈ మాట నాన్నగారికి చెప్పు.

ఖాకీ_మాజీ · ఆదివారం, రాత్రి 10:58

అమ్మాయీ, డబ్బు రాకపోయినా సరే ఫిర్యాదు ఇప్పించు. అదే నంబరుతో ఇంకెంతమందికి చేశాడో. ఇలాంటివి గంటల్లో వస్తే ఖాతా ఆపే అవకాశం ఉంటుంది, ఎనిమిది నెలలంటే కష్టం. అయినా ఇప్పించు. స్టేషన్‌లో ఎవరైనా నవ్వితే, నవ్వినవాడిదే తప్పని చెప్పు.

కొత్తకలం · ఆదివారం, రాత్రి 11:10

మీ ఇద్దరి మాటా ఇప్పుడే చదివి వినిపించాను సార్. రేపు చూద్దాం అన్నారు. అప్లికేషన్ ఫారం టేబుల్ మీదే ఉంది. దాని గురించి మాత్రం ఏమీ అనలేదు.